లార్డుగారి బల్ల, గాజు ఉప్పుగిన్నె

"రొట్టె మాడిపోతోంది," అన్నాడు బార్నబీ.

"నౌకరు అలా మాట్లాడకూడదు. 'చిత్తం ప్రభూ' అనాలి," అంది హెట్టీ.

"చిత్తం ప్రభూ, రొట్టె మాడిపోతోంది."

చుట్టూ నిలబడ్డ జనం నవ్వారు. హెట్టీ నవ్వలేదు. లార్డు వేషం వేసినవాళ్ళు నవ్వకూడదని ఆమె లెక్క. తల మీద దూదితో చేసిన విగ్గు, ఒంటి మీద నాయనమ్మ పాత వెల్వెట్ కోటు, ఎడమ చేతిలో పేకముక్కలు, ముందు ఒక చెక్క బల్ల. ఎండకి విగ్గు కింద తల ఒకటే దురద.

"నేను ఆట మధ్యలో లేవను," అంది గొంతు లావు చేసి. "రెండు రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టి ఇలా పట్టుకురా. ఒక చేత్తో తింటాను, ఇంకో చేత్తో ఆడతాను."

బార్నబీ పళ్ళెం తెచ్చాడు. కాల్చిన రొట్టె, మధ్యలో ఉప్పు పట్టించిన గొడ్డుమాంసం. హెట్టీ ఒక కొరుకు కొరికింది. జనం చప్పట్లు కొట్టారు. నాటకం అయిపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు. ఇంత చిన్న నాటకానికి మూడు వారాలు రిహార్సల్ ఎందుకో వాళ్ళ టీచర్ మిస్ హాగ్‌బెన్‌కే తెలియాలి.

మా ఊరి పేరు శాండ్‌విచ్. ఇంగ్లండులో, కెంట్ ప్రాంతంలో, స్టౌర్ నది ఒడ్డున ఉంటుంది. పేరు చెప్పగానే కొత్తవాళ్ళు ముందు నవ్వుతారు, తరువాత ఆకలేస్తోందంటారు. మాకు అలవాటైపోయింది. ఒకప్పుడు ఇది పెద్ద ఓడరేవు. ఇసుక మేట వేసి సముద్రం రెండు మైళ్ళు వెనక్కి పోయింది. ఓడలు రావడం మానేశాయి గానీ ఊరి పేరు మాత్రం ప్రపంచమంతా తిరుగుతూనే ఉంది. ఏటా ఆగస్టు నెలాఖరున ఊరి పండగ జరుగుతుంది. ఈసారి టౌన్ హాలు ముందు, ఆ తిండికి తన పేరిచ్చిన శాండ్‌విచ్ లార్డుగారి కథను బడి పిల్లల నాటకంగా పెట్టారు. శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి.

నాటకం అయ్యాక జనం ఐస్‌క్రీం బండి వైపు వెళ్ళిపోయారు. ఒక ముసలాయన మాత్రం కదలలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని బల్లనే చూస్తున్నాడు.

"మాది కూడా శాండ్‌విచేనమ్మా," అన్నాడు హెట్టీతో. "అమెరికాలో. మసాచుసెట్స్ సముద్రం ఒడ్డున. నా పేరు ఎజ్రా క్రోవెల్."

"ఇంకో శాండ్‌విచ్ ఉందని మిస్ చెప్పింది," అంది హెట్టీ.

"ఒకటేమిటి, చాలానే ఉన్నాయి. ఇదేనా ఆ బల్ల?"

హెట్టీ బార్నబీ వైపు చూసింది. బార్నబీ ఆకాశం వైపు చూశాడు.

ఆ రోజు పొద్దున్నుంచి అదే ప్రశ్న చాలామంది అడిగారు. అందరికీ హెట్టీ ఒకటే జవాబు చెప్పింది. ఊరివాళ్ళు విని నవ్వి, ఆమె విగ్గు సరిచేసి వెళ్ళిపోయారు. అందుకే ఈసారి కూడా తడుముకోలేదు.

"ఇదే," అంది లార్డు గొంతుతో. "తొలి శాండ్‌విచ్ ఈ బల్ల మీదే తిన్నాను."

ఎజ్రా నవ్వలేదు. నెమ్మదిగా దగ్గరికి వచ్చి బల్ల మీద అరచెయ్యి ఆనించాడు. అంచు వెంట వేళ్ళు జరుపుతూ ఒక చోట ఆగాడు. అక్కడ చిన్న చిన్న గాట్లు వరసగా ఉన్నాయి.

"ఇవేమిటి?"

"ఆటలో ఓడినప్పుడల్లా లార్డుగారు ఉంగరంతో ఇక్కడ కొట్టేవారు," అంది హెట్టీ. ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. తన తెలివికి తానే ముచ్చటపడింది.

బార్నబీకి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

ఎజ్రా కోటు జేబులోంచి ఒక చేతిరుమాలు మూట తీసి బల్ల మీద విప్పాడు. అందులో ఒక గాజు ఉప్పుగిన్నె ఉంది. అరచేతిలో పట్టేంత చిన్నది. గాజు మందంగా, లేత నీలంగా ఉంది. అంచు చుట్టూ చుక్కల వరస.

"మా ఊళ్ళో ఒకప్పుడు గాజు ఫ్యాక్టరీ ఉండేది. మా ముత్తాత అందులో పనిచేశాడు. ఇది అక్కడ చేసిందే," అన్నాడు. "మా నెల్ శాండ్‌విచ్ కొట్టు నడిపేది. నెల్ అంటే మా ఆవిడ. ఈ గిన్నె ఎప్పుడూ కౌంటర్ మీదే ఉండేది. ఏటా ఈ ఊరు వద్దామనుకునేవాళ్ళం. ఏటా కొట్టు కదలనిచ్చేది కాదు. పోయిన చలికాలం ఆవిడ పోయింది."

హెట్టీకి విగ్గు తీసేయాలనిపించింది. తీయలేదు.

"వస్తే దీన్ని ఆ బల్ల మీద పెట్టాలనేది నెల్," అంటూ ఎజ్రా గిన్నెను గాట్ల పక్కన పెట్టాడు. ఫోను తీసి ఫోటో తీశాడు. "మా ఊళ్ళో అందరికీ పంపుతాను. నెల్ చేతి తిండి తిననివాడు అక్కడ లేడు. గిన్నె ఇక్కడే ఉంచండమ్మా. దీని చోటు ఇదే."

చెప్పాల్సిన మాట హెట్టీ నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆయన ముఖంలో ఎంత నెమ్మది కనిపించిందంటే, ఇప్పుడెందుకులే అనుకుంది. పైగా గిన్నె చాలా బాగుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ పనిచేసిందో నేను చెప్పలేను. తాను దిగిన చోటూ, మర్నాటి రైలు సంగతీ చెప్పి, ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"చచ్చావు పో," అన్నాడు బార్నబీ.

"నోరుముయ్యి. నేను వేషంలో ఉన్నాను. వేషంలో చెప్పింది అబద్ధం కాదు."

"ఆయన వేషంలో లేడుగా."

"నువ్వు నౌకరువి. రొట్టె కాల్చుకో పో."

హెట్టీ వాళ్ళ నాన్న వడ్రంగి. పేరు గారిక్ పిల్చర్. ఇంటి వెనక షెడ్డే ఆయన పనిచోటు. ఆ సాయంత్రం బల్లను అక్కడికే తెచ్చారు. ఒక కాలు కాస్త ఊగుతోందని ఆయన దాన్ని తిరగేసి జిగురు పెడుతున్నాడు.

హెట్టీ గిన్నెను కిటికీ దగ్గర పెట్టింది. ఎండ పడి నీలం రంగు గోడ మీదికి పాకింది.

"ఎక్కడిదిది?" అన్నాడు నాన్న.

"అమెరికా తాతగారు ఇచ్చాడు. నాటకం నచ్చి."

"నాటకం నచ్చి ఇంత పాత గాజుగిన్నె ఇచ్చాడా? చప్పట్లు కొడితే సరిపోయేదిగా."

హెట్టీ కాసేపు రంపపు పొట్టుతో ఆడింది. తరువాత సగం చెప్పింది. ఇంకాసేపటికి మిగతా సగం కూడా చెప్పింది. నెల్ సంగతి చెప్పేటప్పుడు నాన్న వైపు చూడలేదు.

నాన్న బల్లను నిలబెట్టాడు. దాని చరిత్ర ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట ఒక ప్రార్థనా మందిరం మూతపడితే, అక్కడి పాత బెంచీ చెక్క తెచ్చి బల్ల పై భాగం చేశాడు. అంచుకి చెక్క చాలలేదు. హెట్టీ పసిపిల్లగా పడుకున్న కమ్మీల మంచం అటక మీద ఉంటే, దాని పై కమ్మీ కోసి అంచుకు అతికించాడు. అంటే లార్డుగారి బల్ల హెట్టీ కంటే ఎనిమిదేళ్ళు చిన్నది.

"ఉంగరం దెబ్బలన్నావా?" అన్నాడు నాన్న, గాట్ల మీద బొటనవేలు పెట్టి.

"ఊఁ."

"ఇవి నీ పళ్ళు. పళ్ళొచ్చేటప్పుడు ఆ కమ్మీ పట్టుకుని నిలబడి ఎలకపిల్లలా కొరికేదానివి. మీ అమ్మ రంగు ఒంట్లోకి పోతుందని గొడవ చేస్తే రంగంతా గీకేశాను."

"తెలుసు," అంది హెట్టీ.

"తెలిసే చెప్పావన్నమాట."

"నాటకమే కదా నాన్నా."

"ఆయన కూడా నాటకమే చూస్తున్నాననుకున్నాడా?"

నాన్న జిగురు డబ్బాకి మూత పెట్టాడు.

"ఎక్కడ దిగాడాయన?"

"పేరులేని వీధి పక్కన." మా ఊళ్ళో ఒక వీధి పేరే అది. నవ్వకండి.

"ఎప్పుడు పోతాడు?"

"రేపు మధ్యాహ్నం రైలుకి."

"ఊఁ," అని నాన్న చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టాడు.

"ఏదో ఒకటి అనొచ్చుగా," అంది హెట్టీ. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నేనేమనను? గిన్నె నీ దగ్గరుంది, నోరూ నీ దగ్గరే ఉంది. కాస్త కాళ్ళు జరుపు."

సెయింట్ పీటర్ చర్చి గంట మోగింది. రోజూ సాయంత్రం ఎనిమిదికి అది మోగుతుంది. వెనకటి రోజుల్లో పొయ్యిలు ఆర్పేసి ఇళ్ళకు చేరమని కొట్టేవారు. ఇప్పుడు ఎవరూ ఏదీ ఆర్పరు, అయినా కొడతారు. హెట్టీ గిన్నెను రుమాల్లో చుట్టింది. తన గదిలో పెట్టుకుంది గానీ, మళ్ళీ విప్పి చూడాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారింటికి పోయే పెళ్ళికూతురిలా ముఖం పెట్టుకుని బయల్దేరింది. ఆయన దిగిన ఇంటిదాకా పోనక్కర్లేకపోయింది. నది ఒడ్డున, పాత వంతెన ద్వారం దగ్గర బెంచీ మీద ఎజ్రా కూర్చుని ఉన్నాడు. సీల్ జంతువులను చూపించే పడవ ఇంకా బయల్దేరలేదు. పడవవాడు తాళ్ళు విప్పుతున్నాడు.

"లార్డుగారా," అన్నాడు ఎజ్రా. "విగ్గు లేకపోయేసరికి ముందు గుర్తుపట్టలేదు."

హెట్టీ మూటను బెంచీ మీద పెట్టింది. ఇంటి దగ్గర్నుంచి మాటలు అమర్చుకుంటూ వచ్చింది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"అది మా నాన్న చేసిన బల్ల, తాతగారూ. రెండేళ్ళే అయింది. గాట్లు ఉంగరానివి కావు. నా పళ్ళవి. చిన్నప్పుడు కొరికాను."

ఎజ్రా ఆమెను చూశాడు. తరువాత నదిని చూశాడు.

"ఫోటో పంపేశాను," అన్నాడు చివరికి. "లైబ్రరీలో పెడతామన్నారు."

"సారీ తాతగారూ."

"నాకు కోపం రావాలి. వస్తోంది కూడా. కాస్త ఆగు."

హెట్టీ ఆగింది. ఇద్దరి మధ్యా మూట ఉంది. పడవ ఇంజను రెండుసార్లు దగ్గి మొదలైంది. పడవ మలుపు తిరిగేదాకా ఎజ్రా దానివైపే చూశాడు.

"సరే," అన్నాడు. "అసలు బల్ల ఎక్కడుంది మరి?"

"ఎవరికీ తెలీదు. లార్డుగారు ఈ ఊళ్ళో ఎప్పుడూ కాపురం లేడంట. లండన్‌లో జరిగిందంటారు. పేకాట బల్ల దగ్గరని కొందరు, కాదు, రాసుకునే బల్ల దగ్గరని కొందరు. ఆయన దగ్గర కూర్చుని చూసినవాళ్ళెవరూ సరిగ్గా రాసిపెట్టలేదని మిస్ చెప్పింది."

"మరి ఈ ఊరి పేరు ఆయనకెలా వచ్చింది?"

"వాళ్ళ తాతలనాటి ఆయన ఒకడు ఓడల మీద పెద్ద అధికారి. రాజుగారు బిరుదు ఇస్తానన్నప్పుడు ముందు పోర్ట్స్‌మత్ అనే రేవు పేరు పెట్టుకుందామనుకున్నాడంట. అప్పుడు ఆయన ఓడలు మా ఊరి దగ్గర ఆగి ఉన్నాయంట. అందుకని మా పేరు తీసుకున్నాడంట."

"లేకపోతే మా నెల్ జీవితమంతా పోర్ట్స్‌మత్‌లు అమ్మేదన్నమాట," అన్నాడు ఎజ్రా. ఆ మాటకి ఆయన నోటి చివర కాస్త కదిలింది. "ఇంకా ఎక్కడెక్కడ పెట్టారు ఈ పేరు?"

"దక్షిణాన మంచు దీవులకు పెట్టారు. అక్కడ పెంగ్విన్లు తప్ప ఎవరూ ఉండరు. హవాయి దీవులకు కూడా పెట్టారు. కానీ అక్కడివాళ్ళకు సొంత పేరు ముందే ఉంది. అదే నిలిచింది." హెట్టీ ఆగింది. "మీ ఊరి పేరు మాత్రం లార్డుగారిది కాదంట. మా ఊరిదేనంట."

"అది నాకు తెలుసమ్మా. మా ఊరు పుట్టిన ఎనభై ఏళ్ళకి గానీ ఆ శాండ్‌విచ్ లార్డు పుట్టలేదు. ఊరు ముందు, రొట్టె తర్వాత అనేది నెల్. కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి." ఎజ్రా రుమాలు ముడి మీద చెయ్యి వేశాడు. "ఆవిడ పోయాక నేనే బల్ల కోసం వెతుక్కుంటూ వచ్చాను. ముసలితనం."

మూట తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఇచ్చేయాలనే కదా హెట్టీ వచ్చింది. అయినా ఆయన నిజంగా తీసేసుకునేసరికి ఆ జేబు వైపే చూస్తూ కూర్చుంది. పర్వాలేదమ్మా, నీ దగ్గరే ఉంచుకో అంటాడని లోపల ఎక్కడో అనుకుంది. ఆయన అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

"నాటకం పదకొండుకి," అంది ఆమె లేస్తూ. "రమ్మని అనడంలేదు. ఊరికే చెప్తున్నాను."

పదకొండుకి టౌన్ హాలు ముందు నిన్నటికంటే ఎక్కువ జనం. బార్నబీ ఈసారి రొట్టె సరిగ్గా కాల్చాడు. దానికి వాళ్ళమ్మ ఒక్కతే ఈల వేసింది.

నాటకం అయ్యాక ఒక చిన్నపిల్ల తండ్రి చెయ్యి వదిలించుకుని బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఇది నిజం బల్లేనా?"

వెనక ఇంకో పదిమంది చెవులు రిక్కించారు. బార్నబీ మోచేత్తో పొడిచాడు. "అవునను. ఫోటోలు తీసుకుంటారు," అన్నాడు గుసగుసగా.

హెట్టీ విగ్గు తీసి బల్ల మీద పెట్టింది. చెమటకి జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"కాదు," అంది మామూలు గొంతుతో. "మా నాన్న చేశాడు. అసలు బల్ల ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఇదిగో, ఈ గాట్లు నా పళ్ళవి."

ఇద్దరు ముగ్గురు ఫోన్లు జేబులో పెట్టేసుకుని వెళ్ళిపోయారు. చిన్నపిల్ల మాత్రం వంగి గాట్లను పరీక్షగా చూసింది.

"నువ్వు చెక్క తినేదానివా?"

"చిన్నప్పుడు."

"రుచిగా ఉంటుందా?"

"గుర్తులేదు."

"నేను సబ్బు తిన్నాను," అంది ఆ పిల్ల గర్వంగా. తండ్రి వచ్చి లాక్కెళ్ళాడు.

అప్పుడు కనిపించాడు ఎజ్రా. జనం వెనక, టోపీ చేత్తో పట్టుకుని, పక్కన పెట్టెతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. నెమ్మదిగా ముందుకొచ్చి ఫోను తీశాడు.

"లైబ్రరీవాళ్ళకి ఇంకో ఫోటో పంపాలి," అన్నాడు. "నువ్వు గాట్ల పక్కన ముఖం పెట్టు. నోరు తెరువు. పళ్ళు కనపడాలి."

హెట్టీ మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల అంచుకు చెంప ఆనించి, పళ్ళన్నీ బయటపెట్టింది. అంత వికారమైన ఫోటో మా ఊళ్ళో ఇంతవరకు ఎవరూ దిగలేదు. ఎజ్రా మాత్రం బాగుందన్నాడు.

"బల్ల గట్టిగా చేశాడు మీ నాన్న," అన్నాడు అంచు తడిమి.

"ఒక కాలు ఊగేది. నిన్న జిగురు పెట్టాడు."

"నౌకరూ," అని ఎజ్రా బార్నబీని పిలిచాడు. "నాకొకటి తినడానికి దొరుకుతుందా?"

"చిత్తం ప్రభూ," అన్నాడు బార్నబీ. ఈసారి వెక్కిరింపు లేకుండానే అన్నాడు.

ఎజ్రా జేబులోంచి మూట తీసి విప్పాడు. గాజుగిన్నెను గాట్ల పక్కన, నిన్న పెట్టిన చోటే పెట్టాడు. హెట్టీ అడక్కుండానే బార్నబీ రొట్టె కాల్చే బల్ల మీది ఉప్పు డబ్బా తెచ్చి గిన్నెలో కొంచెం పోసింది. ఎజ్రా రొట్టె పై ముక్క ఎత్తి చిటికెడు ఉప్పు జల్లుకున్నాడు. లోపల ఉన్నది ఉప్పు మాంసమే. ఆ సంగతి ఎవరూ గుర్తుచేయలేదు. నిలబడే, తొందర లేకుండా, ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాడు.

తరువాత గిన్నెలో మిగిలిన ఉప్పు దులిపి, గిన్నెను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. హెట్టీ తల మీద ఒకసారి చెయ్యి వేశాడు. పెట్టె లాక్కుంటూ స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఎండ పెరిగింది. నాన్న బల్ల తీసుకుపోవడానికి బండి తెచ్చాడు. బార్నబీ తడిగుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టాడు. రొట్టె తునకలన్నీ ఒక పక్కకు లాగి అంచు దగ్గరికి వచ్చాడు. గాట్లలో ఉప్పు రవ్వలు ఇరుక్కుని ఉన్నాయి.

"ఆ మూల తుడవకు," అంది హెట్టీ.